విశ్వాసికి భయం వేయకూడదా? 26 ఏళ్ల సంఘసేవ తర్వాత నా సమాధానం

వందనాలు. మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. యుద్ధాల వార్తలు, కొత్త కొత్త రోగాలు, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని పరిస్థితి, విశ్వాసం గురించి నోరు తెరిస్తే ఎవరేమంటారోనన్న బెరుకు. రాత్రి రెండింటికి మెలకువ వస్తోంది, గుండె దడదడలాడుతోంది. సంఘంలో ఒకరితో చెప్పుకుంటే "విశ్వాసివి, నీకు భయమేంటి?" అన్నారు. దాంతో ఉన్న భయాలకు తోడు "నాకసలు విశ్వాసమే లేదేమో" అన్న భయం ఒకటి పట్టుకుంది. ఇలాంటి రోజుల్లో ధైర్యంగా బతకడం ఎలా అని అడిగారు. పిల్లల గురించి అడిగిన మాటకు చివర్లో వస్తాను.

ముందు సూటిగా చెప్పేస్తాను. భయం వేయడం అవిశ్వాసం కాదు. భయం పోయాక ధైర్యంగా ఉందామని ఎదురుచూడకండి, అలా చూస్తే ఆ రోజు రాదు. భయం అలా ఉండగానే, మీ ప్రేమ అవసరమైన మనిషిని వదిలిపెట్టకుండా ఉండండి. బైబిలు చెప్పే ధైర్యం నాకు ఇన్నేళ్లలో అర్థమైనంతవరకు ఇంతే. భయం నాకు జరిగేది. పిరికితనం, ఆ భయం పేరు చెప్పి నేను ఎదుటివాడికి చేసేది. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే మీలాంటివాళ్లు అనవసరంగా నలిగిపోతున్నారు.

ఈ తేడా నా సొంత కల్పన కాదు. 2 తిమోతి 1:7 తీయండి. దేవుడు మనకు "పిరికితనముగల ఆత్మ నియ్యలేదు" అని ఉంటుంది. అక్కడ పౌలు వాడిన గ్రీకు మాట దెయిలియా. మామూలు భయానికి గ్రీకులో ఫోబోస్ అనే వేరే మాట ఉంది, పౌలు దాన్ని ఇక్కడ వాడలేదు. మన తెలుగు బైబిలు అనువాదకులు ఈ తేడాను పట్టుకుని "పిరికితనము" అని సరిగ్గా రాశారు. మనమే ప్రసంగాల్లో దాన్ని "భయపు ఆత్మ" అని మార్చేసుకుని, గుండె దడ వచ్చిన ప్రతివాడినీ అనుమానంగా చూడటం మొదలుపెట్టాం.

అదే అధ్యాయం ఇంకాస్త కిందికి చదవండి. పౌలు జైల్లో ఉన్నాడు. ఆసియలో ఉన్నవాళ్లంతా తనను విడిచిపోయారని 15వ వచనంలో రాశాడు. వెంటనే ఒనేసిఫోరు అనే ఒక మనిషి గురించి చెబుతాడు. ఆ మనిషి రోమాకు వచ్చి, ఎక్కడున్నాడో వెతికి మరీ పౌలును కనుక్కున్నాడు, ఆయన సంకెళ్లను చూసి సిగ్గుపడలేదు, చాలాసార్లు ఆదరించాడు. ఒనేసిఫోరుకు భయం వేసిందా లేదా అన్నది పౌలు రాయలేదు. ఖైదీతో సంబంధం ఉందని తెలిస్తే ఏమవుతుందో తెలిసిన మనిషికి వేయకుండా ఎలా ఉంటుంది? పౌలుకు గుర్తున్నది మాత్రం ఆయన వచ్చాడన్న సంగతి. 7వ వచనాన్ని గోడకు తగిలించుకుంటాం గానీ, దానికి ఉదాహరణగా కొంచెం కిందే నిలబడి ఉన్న ఈ మనిషిని చూడం.

పౌలు సంగతే తీసుకోండి. కొరింథీయులకు రాస్తూ "వెలుపట పోరాటములు, లోపట భయములు" ఉండెను అని దాచకుండా ఒప్పుకున్నాడు (2 కొరింథీ 7:5). ఆ తర్వాతి వచనంలో దేవుడు తనను ఎలా ఆదరించాడో కూడా చెప్పాడు: తీతు రావడం వల్ల. దర్శనం కాదు, ఆకాశం నుంచి స్వరం కాదు. ఒక స్నేహితుడు గుమ్మంలోకి వచ్చాడు, అంతే. గెత్సేమనే తోటలో, తనను పట్టుకోబోయే రాత్రి, ప్రభువు కూడా ముగ్గురిని వెంటబెట్టుకుని వెళ్లాడు, తన ప్రాణం ఎంత దుఃఖంలో మునిగి ఉందో వాళ్లకు నోరు విప్పి చెప్పాడు. రెండింటికి మెలకువ వచ్చే మీకు సిగ్గెందుకు?

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి, లేకపోతే ఇదంతా నీతులు చెప్పినట్టుంటుంది. 2020లో మా సంఘంలో ఒకాయన కరోనా మహమ్మారితో చనిపోయాడు. నన్ను ఆసుపత్రికి వెళ్లనివ్వలేదు, అది నా చేతిలో లేదు. కానీ తర్వాత ఆయన భార్య, ఇద్దరు పిల్లలు ఇంట్లో ఒంటరిగా ఉన్నారు. గేటు బయట దూరంగా నిలబడి మాట్లాడొచ్చు, సరుకులు పెట్టి రావచ్చు. నేను తొమ్మిది రోజులు వెళ్లలేదు. ఫోన్‌లో ప్రార్థన చేశాను, బాగానే చేశాను. పదోరోజు వెళ్తే ఆ సోదరి ఏమీ అనలేదు, "వచ్చారా అయ్యగారూ" అంది, అంతే. ఆ తొమ్మిది రోజులూ భయపడినందుకు నాకు ఇప్పుడు బాధ లేదు, అప్పుడు అందరికీ భయమే. ఆ భయం నన్ను ఎవరికి దూరంగా నిలబెట్టిందన్నదే బాధ.

అదే రోజుల్లో మా సంఘంలోనే నర్సుగా చేసే ఒక సోదరి ఉండేది. నైట్ డ్యూటీకి బయల్దేరే ముందు రోజూ వాంతి చేసుకునేది, భయంతో. కడుక్కుని, బ్యాగు తీసుకుని వెళ్లిపోయేది. "నాకు విశ్వాసం తక్కువ అయ్యగారూ, మీరు ప్రార్థన చేయండి" అని నన్ను అడిగింది. తొమ్మిది రోజులు గేటు దాకా కూడా వెళ్లని నన్ను! ఆమెకు ఏం సమాధానం చెప్పానో గుర్తు లేదు, చెప్పే అర్హత మాత్రం ఆ రోజు నాకు లేదు.

భయం ఒక్కసారి వదిలి మళ్లీ రాకుండా పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. పేతురును చూడండి. యేసు ఎవరో తెలియదని దాసి ముందు బొంకాడు, నిజమే. తర్వాత పెంతెకొస్తు వచ్చింది, వేలమంది ముందు నిలబడి మాట్లాడాడు. కథ అక్కడ ఆపేస్తే బాగుంటుంది, మనం ఎక్కువగా అక్కడే ఆపుతాం. కానీ గలతీ 2వ అధ్యాయంలో, ఎన్నో ఏళ్ల తర్వాత, అంతియొకయలో అదే పేతురు కొందరికి భయపడి అన్యజనులతో, అంటే యూదులు కాని విశ్వాసులతో, కలిసి భోంచేయడం మానేశాడు. ఇక్కడ కూడా పౌలు కోపం పేతురుకు భయం వేసినందుకు కాదు. ఆ భయంతో కొందరు సోదరులను బల్ల దగ్గర వదిలేసి లేచిపోయినందుకు.

బైబిల్లో "భయపడకుము" 365 సార్లు ఉంది, రోజుకొకటి అని మనం చెప్పుకుంటూ ఉంటాం కదా. కుర్రతనంలో నేనూ పుల్పిట్ మీద గట్టిగా చెప్పాను. తర్వాత ఒకసారి కూర్చుని లెక్కపెట్టబోతే అంత రాలేదు. సరే, లెక్క పోనివ్వండి. ఆ మాట దేవుడు ఎవరితో అన్నాడో చూస్తే ఇంకా ఆదరణ. అప్పటికే వణుకుతున్నవాళ్లతో అన్నాడు: గొర్రెల కాపరులతో, మరియతో, కొరింథులో పౌలుతో. పౌలుతో "భయపడక మాటలాడుము" అన్నాక కారణం కూడా చెప్పాడు, ఈ పట్టణంలో నాకు చాలామంది జనం ఉన్నారని (అపొ. కార్య 18:10). అది తిట్టే గొంతు కాదు. చీకట్లో ఏడుస్తున్న బిడ్డతో "నేనున్నాలే" అనే గొంతు.

మీ రాత్రుల సంగతికి వద్దాం. 1 రాజులు 19లో ఏలీయా ప్రవక్త యెజెబెలు రాణికి భయపడి పారిపోయాడు, అదీ ఆయన ప్రార్థనకు కర్మెలు కొండ మీద అగ్ని దిగిన తర్వాత. బదరీవృక్షం కింద కూర్చుని చచ్చిపోతే బాగుండును అన్నాడు. దేవుడు ఏం చేశాడు? నిద్రపోనిచ్చాడు, దూత చేత రొట్టె, నీళ్లు ఇప్పించాడు. మళ్లీ నిద్రపోనిచ్చాడు, మళ్లీ తినిపించాడు. మాటలు ఆ తర్వాత, అవి కూడా ప్రశ్నతో మొదలుపెట్టాడు. చివరికి "నేను ఒక్కణ్నే మిగిలాను" అన్న ఆయన లెక్క తప్పని, ఇంకా 7,000 మంది ఉన్నారని చెప్పాడు. నా దగ్గరికి భయంతో వచ్చేవాళ్లను ఇప్పుడు నేను మొదట అడిగేది ఇదే: సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్లయింది? పూటకు తింటున్నారా? ఇంకెవరితోనైనా ఈ సంగతి చెప్పుకున్నారా?

ఒక హెచ్చరిక, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. గుండె దడ, ఊపిరాడకపోవడం, చెమటలు, "ఇప్పుడే చచ్చిపోతానేమో" అనిపించడం పదేపదే వస్తుంటే, లేదా నిద్ర వారాల తరబడి పోతే, డాక్టరు దగ్గరికి వెళ్లండి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఆ రోజే వెళ్లండి, వెంట ఒక మనిషిని తీసుకెళ్లండి. చాలా ఏళ్ల కింద ఒక కుర్రాడికి ఇలాగే వస్తుంటే మూడు ఉపవాస ప్రార్థనలు పెట్టించాను, విశ్వాసం పెంచుకోమని చెప్పాను. పాపం, వాడు నిజంగానే ప్రయత్నించాడు. తగ్గకపోయేసరికి దేవుడు తనను వదిలేశాడనుకుని సంఘానికి రావడం మానేశాడు. చివరికి వాళ్ల అక్క మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లింది. అది ఆందోళన జబ్బు, మందుంది, మాట్లాడి నయం చేసే పద్ధతీ ఉంది. ప్రార్థన మానమని కాదు. కాలు విరిగితే కట్టు కట్టించుకుంటూనే ప్రార్థన చేస్తాం కదా, ఇదీ అంతే.

ఇక వార్తలు. యెషయా 8:12లో ఒక మాట ఉంది, నాకు తెలిసి ఈ కాలానికి ఇంతగా అతికే వచనం ఇంకోటి లేదు: ఈ ప్రజలు బందుకట్టు అని చెప్పేదంతా బందుకట్టు అనుకోవద్దు, వాళ్లు భయపడేదానికి మీరు భయపడవద్దు. బందుకట్టు అంటే కుట్ర. క్రీ.పూ. 735 ప్రాంతంలో సిరియా, ఇశ్రాయేలు కలిసి యూదా మీదికి వస్తున్నాయన్న వార్త వచ్చింది. గాలికి అడవి చెట్లు ఊగినట్టు రాజు గుండె, జనం గుండె ఊగాయని రాసి ఉంది. వార్త అబద్ధం కాదు, ప్రమాదం నిజమే. కానీ ఆ భయంలో ఆహాజు రాజు ఏం చేశాడో చూడండి: దేవుని మందిరంలోని వెండి బంగారాలు తీసి అష్షూరు రాజుకు పంపి, కాపాడమని వేడుకున్నాడు. భయం చెప్పినట్టు విన్నవాడు ముందు అమ్ముకునేది ఇలాంటివే.

అందుకని ఫోన్‌లో వచ్చే ప్రతి "జాగ్రత్త, అందరికీ పంపండి" అన్న సందేశాన్నీ పంపకండి. ముఖ్యంగా ఫలానా మతంవాళ్లు, ఫలానా కులంవాళ్లు మన మీద ఏదో చేస్తున్నారు అనేవి. నేను రోజుకు ఒకసారి, పగటిపూట, పావుగంట వార్తలు చూస్తాను. రాత్రి పడుకునే గదిలో ఫోన్ ఉండదు. అలారానికి పాత గడియారం కొనుక్కున్నాను. ఆధ్యాత్మికంగా వినబడదు గానీ, నా ప్రార్థన జీవితానికి ఆ గడియారం చేసిన మేలు కొన్ని సభలు కూడా చేయలేదు.

రెండింటికి మెలకువ వచ్చినప్పుడు నేను చేసేది చెబుతాను, మీకు పనికొస్తే వాడుకోండి. లేచి కూర్చుని, భయాన్ని పేరు పెట్టి ఒక కాగితం మీద రాస్తాను. "భవిష్యత్తు గురించి భయం" అని కాదు, "వచ్చే నెల ఉద్యోగం పోతే ఇంటి అద్దె కట్టలేను" అని. పేరు లేని భయానికి ప్రార్థన చేయడం కష్టం. తర్వాత 56వ కీర్తన 3వ వచనం మెల్లగా చదువుతాను, దావీదు కూడా భయం సంభవించే దినమున అన్నాడు, భయం లేని దినమున అనలేదు. ఆ తర్వాత, తెల్లవారాక పలకరించాల్సిన ఒక మనిషి పేరు అదే కాగితం కింద రాస్తాను. అన్ని రాత్రులూ నిద్ర పట్టదు. పట్టనప్పుడు కూడా తెల్లారి ఆ పేరున్న మనిషికి ఫోన్ చేస్తాను.

ధైర్యం అనగానే దుడుకుతనం అనుకునేవాళ్లు కొందరున్నారు, అదీ చెప్పాలి. రెండో శతాబ్దంలో స్ముర్న సంఘ పెద్ద పాలికార్పు హతసాక్షి అయ్యాడని చాలామందికి తెలుసు. ఆయన ముందు స్నేహితుల మాట విని ఊరి బయట పొలంలో ఉన్న ఇంటికి తప్పుకున్నాడని ఎక్కువమందికి తెలియదు. సైనికులు పట్టుకోవడానికి వచ్చినప్పుడు వాళ్లకు భోజనం పెట్టించి, ప్రార్థనకు కొంత సమయం అడిగాడు. అదే వృత్తాంతంలో క్వింతు అనే ఇంకొకడు ఉన్నాడు. తనంతట తాను ముందుకొచ్చి, ఇతరులను కూడా ఉసిగొల్పి, తీరా మృగాలను చూశాక భయపడి విశ్వాసాన్ని వదులుకున్నాడు. పేతురు, పౌలు, ప్రభువు కూడా అవసరమైనప్పుడు ప్రమాదం నుంచి తప్పుకున్నారు. పౌలు దమస్కులో గంపలో దిగి వెళ్లిపోయాడు. 91వ కీర్తన ఎత్తి చూపి, దేవాలయ శిఖరం మీద నుంచి దూకమని ప్రభువుతో అన్నది సాతానే అని మత్తయి 4లో ఉంది. మాస్కు పెట్టుకోవడం, తలుపు గడియ వేసుకోవడం, చట్టం ఇచ్చిన హక్కును వాడుకోవడం అవిశ్వాసం కాదు. పౌలు తన రోమా పౌరసత్వాన్ని వాడుకున్నాడు.

మరి ఎప్పుడు తప్పుకోవాలి, ఎప్పుడు నిలబడాలి? 1527లో విట్టెన్‌బర్గ్‌లో ప్లేగు వచ్చినప్పుడు సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్‌ను ఇదే అడిగారు. ఆయన ఊరు విడిచి వెళ్లలేదు, ఇంట్లోనే రోగులను చూసుకున్నాడు. కానీ వెళ్లినవాళ్లందరినీ తప్పుపట్టలేదు. మందు వాడండి, ఇంటికి ధూపం వేయండి, అవసరం లేని చోటికి వెళ్లకండి అన్నాడు. ఆయన పెట్టిన గీటురాయి ఒకటే: నువ్వు వెళ్లిపోతే పొరుగువాడిని చూసేవాళ్లు ఉన్నారా? ఉంటే వెళ్లు. లేకపోతే, లేదా కాపరిగా, అధికారిగా నీకు బాధ్యత ఉంటే, నిలబడు. నా తొమ్మిది రోజులను ఈ గీటురాయి మీద పెట్టి చూసుకున్నాక నాకు మాట రాలేదు.

విశ్వాసం గురించి బయట మాట్లాడటానికి భయం అన్నారు. గొంతు పెంచడమే ధైర్యం అనుకోకండి. భయపడ్డవాడే ఎక్కువగా అరుస్తాడు, నేను గమనించాను. 1 పేతురు 3:14లో పేతురు సరిగ్గా ఆ యెషయా మాటే ఎత్తి, వాళ్ల బెదిరింపుకు భయపడవద్దంటాడు. వెంటనే, అడిగినవాళ్లకు సాత్వికంతో సమాధానం చెప్పమంటాడు. అడిగినవాళ్లకు అన్నాడు, గమనించండి. మా సంఘంలో లెక్కలు చూసే ఉద్యోగి ఒకడు ఉండేవాడు, నోట్లో మాట బయటికి రాని మనిషి. సాక్ష్యం చెప్పమంటే చెమటలు పట్టేవి. ఒకసారి పైవాళ్లు దొంగ బిల్లు మీద సంతకం పెట్టమన్నారు. పెడితే ఆ నింద కింద పనిచేసే ఒక చిన్న ఉద్యోగి మీద పడుతుంది. ఇతను వణుకుతూనే వెళ్లి "నేను పెట్టలేనండి" అన్నాడు. "దేవుడు వెంటనే ఇంతకంటే మంచి ఉద్యోగం ఇచ్చాడు" అని ముగిస్తే సాక్ష్యం బాగుండేది, కానీ అలా జరగలేదు. బదిలీ చేశారు, రెండేళ్లు ప్రమోషన్ ఆపారు. దానియేలు గ్రంథంలో, రాజు విగ్రహానికి మొక్కనన్నందుకు అగ్నిగుండం ముందు నిలబెట్టిన ఆ ముగ్గురు యువకులు "ఆయన రక్షింపకపోయినను" అన్నారే, ఆ మాట నాకు ఈ మనిషిని చూశాకే అర్థమైంది. ఆ చిన్న ఉద్యోగి మాత్రం తర్వాత ఒకరోజు ఇతన్ని అడిగాడట, ఎందుకలా చేశావని. అప్పుడు చెప్పాడు, నత్తి నత్తిగా.

పిల్లల ముందు భయం దాచాలా అని అడిగారు. దాచలేరు. 2020లోనే, అప్పటికి ఎనిమిదేళ్ల మా చిన్నది "నాన్నా, నీకు భయం వేయట్లేదా?" అని అడిగింది. "దేవుడున్నాడు కదమ్మా, భయమెందుకు" అన్నాను, కాపరి గొంతుతో. "మరి అన్నిసార్లు చేతులెందుకు కడుగుతున్నావు?" అంది. నిజం ఒప్పుకోక తప్పలేదు. నాకూ భయంగానే ఉంది, అయినా మనం చేయగలిగింది ఒకటుంది అని చెప్పి, సంఘంలో ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్ల పేర్లు ఇద్దరం కూర్చుని రాశాం. రోజూ సాయంత్రం నంబరు అది నొక్కేది, ముందు అదే మాట్లాడేది. వాళ్లలో ఒక పెద్దావిడ ఇప్పటికీ ఫోన్ చేస్తే "అయ్యగారూ, ముందు పాపకివ్వండి" అంటుంది.